రెండో సీడీ

బస్సు మిర్యాలగూడ వదిలి కాలువ వంతెన ఎక్కేసరికి వీరేశానికి ఒక సంగతి ఖాయమైపోయింది. సూర్యాపేటలో దిగేలోపు, అంటే ఈ గంటా గంటన్నరలో, భాస్కర్‌ని ఏమని పిలవాలో తేల్చుకోవాలి. ఎనిమిదేళ్లుగా పిలుస్తున్నట్టు పటేలా అనడమా, అంతకుముందు పిలిచినట్టు ఒరేయ్ అనడమా. మూడో దారి లేదు. ముప్ఫై ఏళ్లు నిండిన మనిషి, బియ్యం మిల్లు కాటా దగ్గర కూర్చుని పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా లారీలు తూచే మనిషి, ఒక్క పిలుపు దగ్గర కాలు తడబడి కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాడు. కాలువలో నీళ్లు నిండుగా పోతున్నాయి, కొత్త రాష్ట్రం వచ్చి ఇది మూడో నెల, నాట్లు ఇంకా సగంలోనే ఉన్నాయి, ఆడవాళ్లు నడుం వంచి వరుసగా వెనక్కి నడుస్తున్నారు, పక్క సీటాయన అప్పుడే గురక మొదలుపెట్టాడు, చొక్కా జేబులో ఫోను ఇంకా వెచ్చగానే ఉంది. అసలు గొడవంతా ఆ ఫోనులోనే ఉంది. బస్టాండులో రెండుసార్లు చూశాడు, బస్సెక్కాక ఇంకోసారి చూశాడు, నాలుగోసారి చూస్తే చార్జింగ్ అయిపోతుందని జేబులో పెట్టేశాడు. సన్నోడు గెలిచాడు. పదమూడేళ్ల కింద మొదలైన కొట్లాట ఈ పొద్దున తొమ్మిదింటికి ముగిసింది, సన్నోడే గెలిచాడు, అంటే భాస్కర్ అబద్ధం చెప్పాడు.

సన్నోడి అసలు పేరేమిటో ఈ పొద్దుటిదాకా తెలియనే తెలియదు, తెలిశాక కూడా నోటికి ఎక్కలేదు, ఎక్కకపోతే పోయె, సన్నోడు సన్నోడే. రెండువేల ఒకటిలో ఇంటర్ చదవడానికి సూర్యాపేట వచ్చి ముగ్గురూ ఒకే కిరాయి గదిలో పడ్డారు. తుంగతుర్తి దగ్గరి పల్లె నుంచి గొర్ల పెద్దయ్య కొడుకు వీరేశం, అదే ఊరి పెద్ద ఆసామి నర్సిరెడ్డి పటేల్ కొడుకు భాస్కర్, తండా నుంచి వచ్చిన హర్యా. గదిలో ఒక్కటే మంచం ఉండేది, దాని మీద టీవీ పడుకునేది, కింద మనుషులు పడుకునేవాళ్లు. టీవీ భాస్కర్‌ది, బియ్యం వీరేశంవి, సీడీలు హర్యావి. హర్యా సాయంత్రాలు బస్టాండు వెనక సీడీల దుకాణంలో కూర్చునేవాడు, ఎవరూ కిరాయికి తీసుకుపోని సీడీలన్నీ గదికి మోసుకొచ్చేవాడు, అలా వచ్చిందే ఆ డబ్బా, మీద బొమ్మ లేదు, పేరు లేదు, స్కెచ్ పెన్నుతో కుస్తీ అని రాసి ఉంది. టీవీలో వచ్చే ఉత్తుత్తి కుస్తీ అనుకున్నారు, కుర్చీలతో కొట్టుకుని మళ్లీ లేచి మీసం దువ్వేవాళ్ల రకం అనుకున్నారు. కాదు. చుట్టూ ఇనుప జాలి, ఎనిమిది మూలలు, లోపల ఇద్దరు మనుషులు, గడువు లేదు, పాయింట్లు లేవు. ఒకడికి గుద్దడమే వచ్చు, ఒకడికి తన్నడమే వచ్చు, ఒక బొజ్జాయనకు మీద పడటం తప్ప ఇంకేమీ రాదు, ఎవడికి వచ్చిన ఒక్క విద్య వాడు పట్టుకుని తలుపు తీసుకుని లోపలికి పోతున్నాడు. ముక్కులు నిజంగా పగులుతున్నాయి. అన్నం ముద్ద చేతిలోనే ఎండిపోయింది, హర్యా అయితే లేచి నిలబడ్డాడు, లేచి ఎందుకు నిలబడ్డాడో వాడికే తెలియదు.

ఆ గుంపులో ఒకడు సన్నగా, తెల్లటి బట్టలు కట్టుకుని, లెక్కల సారులాగా నెమ్మదిగా వచ్చేవాడు. వాడే సన్నోడు. ఇంకొకడు మెడ లేకుండా తల నేరుగా భుజాల మీద పెట్టినట్టు ఉండేవాడు, ఎదుటివాణ్ని ఎత్తి కింద వేసి పైన కూర్చునేవాడు. వాడు దున్న. ఆఖరి పోటీ ఆ ఇద్దరికీ పడింది. దున్న వచ్చాడు, సన్నోణ్ని ఎత్తాడు, కింద వేశాడు, పైన పడ్డాడు, సన్నోడు కింద, దున్న పైన, నిమిషం, రెండు నిమిషాలు, పది నిమిషాలు, సన్నోడి మొహం అసలు కనిపించడమే లేదు, అంతలో సీడీ అయిపోయింది. రెండో సీడీ పెట్టండని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. పెట్టారు. పందిరి, సన్నాయి, జీలకర్రా బెల్లం. కోదాడలో ఎవరిదో పెళ్లి. ఎవరో తిరిగిచ్చేటప్పుడు డబ్బాలు మార్చేశారు. అయినా ఆశ చావక పెళ్లి మొత్తం చూశారు, మధ్యలో ఎక్కడైనా సన్నోడు లేస్తాడేమోనని అప్పగింతలదాకా చూశారు, అప్పగింతల్లో పెళ్లికూతురు ఏడుస్తుంటే హర్యా కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఆ పెళ్లివాళ్లు తమ సీడీ పెట్టుకుని దున్నని చూసి ఏమనుకున్నారో పాపం, ఆ మాట అనుకుని ముగ్గురూ ఎన్నిసార్లు పడీ పడీ నవ్వారో లెక్కలేదు. వీరేశానికి ఇప్పుడు బస్సులో కూడా నవ్వు వచ్చింది, పక్క సీటాయన గురక ఆపి చూశాడు.

అక్కడి నుంచి కొట్లాట మొదలు. చాయ్ హోటల్లో, కాలేజీ గోడ మీద, పరీక్షకు పోతూ, పరీక్ష నుంచి వస్తూ. ఎవడు గొప్ప? భాస్కర్ దున్న వైపు. "పైనున్నోడే గెలిచినట్టురా, గిది సదువుకున్న మాట కాదు, కండ్లున్న మాట. గంత బరువు మీద వడ్డంక ఏం లేస్తడు వాడు?" హర్యాకు ఇద్దరూ కాదు, వాడికి బొజ్జాయన గొప్ప, అర నిమిషంలో ఓడిపోయి కూడా లేచి గెలిచినవాడి చెయ్యి తానే పైకెత్తాడు గనక. అది గొప్ప కాదురా అది మంచితనం అని భాస్కర్, రెండూ ఒకటేరా అని హర్యా, ఆ ఒక్క ముక్క మీద ఒక శివరాత్రి జాగారం గడిచింది. వీరేశం మాత్రం ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు, మొహాలు చూడొద్దు, కాళ్లు చూడండి అనేవాడు. కిందపడ్డవాడి కాళ్లు ఊరికే లేవు, దున్న నడుం చుట్టూ ఉన్నాయి, జరుగుతున్నాయి, మెల్లగా పైకి పాకుతున్నాయి, సీడీ ఆగిపోయే ముందు కుడికాలు భుజం దాకా వచ్చింది, కావాలంటే మళ్లీ వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పీ తిప్పీ ఆ చోట సీడీ గీతలు పడింది. గీతలు పడ్డ చోట సన్నోడి కాళ్లు గళ్లు గళ్లుగా విడిపోయేవి, దాంతో అది కాలో నీడో చెప్పలేని స్థితి వచ్చింది, కొట్లాట ఇంకా బలపడింది.

కాళ్లు చూడాలని వీరేశానికి ఎవరూ చెప్పలేదు, నాయన దగ్గర చూశాడు. ఆరేడేళ్ల వయసులో, ఉన్ని కత్తిరించే రోజుల్లో, దొడ్డిలో పెద్దయ్య ఒక బలిసిన పొట్టేలును పట్టబోతే అది కుమ్మింది, ఆయన వెల్లకిలా పడ్డాడు, పొట్టేలు మీదికి ఎక్కేసింది. ఆయన మనిషి మొత్తం కలిపితే కట్టె మీద గొంగడి వేసినంత. నాయన చచ్చిపోయాడనుకుని వీరేశం గుక్కపట్టి ఏడ్చాడు. కింద నుంచి నాయన గొంతు వచ్చింది, నవ్వుతూ వచ్చింది. "ఒర్రకు బిడ్డా. నన్ను అది పట్టలే, నేనే దాన్ని పట్టిన." చూస్తే నిజమే, రెండు కాళ్లూ దాని మెడ చుట్టూ వేసి, ముందుకాలు ఒకటి గుంజి పట్టుకుని ఉన్నాడు, అది ఎంత గింజుకుంటే అంత బిగుస్తోంది, కాసేపటికి ఉస్సురని మోకాళ్ల మీద కూలబడింది. ఆ పూట నాయన ఒంటి మీది దుమ్ము తుడుస్తూ వాడు పొందిన గర్వం మళ్లీ ఇంటర్ పాసైనప్పుడు కూడా పొందలేదు. అందుకే దున్న కింద సన్నోడు కనిపించగానే ఒళ్లు జలదరించింది. అది తన నాయనే. తెల్లబట్టలు కట్టుకుని పరాయి దేశంలో జాలి లోపల పడుకున్న గొర్ల పెద్దయ్యే. ఆయన ఓడిపోవడానికి వీల్లేదు. ఈ ముక్క మాత్రం ఎన్నేళ్ల కొట్లాటలోనూ నోరు తెరిచి చెప్పలేదు, చెప్పి ఉంటే భాస్కర్ ఆ పందేనికి ఒప్పుకునేవాడు కాదేమో.

పందెం సంగతికి వస్తే ముందు పిలుపు సంగతి రావాలి. సూర్యాపేట గదిలో వీరేశం, భాస్కర్ ఒరేయ్ అంటే ఒరేయ్. ఊళ్లో బస్సు దిగితే అదే నోరు మూతపడేది. పెద్దయ్య నర్సిరెడ్డిని పటేలా అంటాడు, ఆయన కొడుకును ఈయన కొడుకు వాకిట్లో నిలబడి ఒరేయ్ అంటే బాగుండదు, పటేలా అనడానికి నోరు రాదు. రెండేళ్లపాటు వీరేశం ఊళ్లో భాస్కర్‌ని ఏమీ అనకుండా బతికాడు, దగ్గరికి పోయి భుజం తట్టేవాడు, దగ్గేవాడు, లేకపోతే ఎదురు పడేదాకా నిలబడేవాడు. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఇది చూసి హర్యాకు తిక్క రేగింది. గది ఖాళీ చేసే రోజు, రెండువేల మూడు ఏప్రిల్, మూటలు కట్టుకుంటూ వాడే పెట్టాడు పందెం. ఎప్పటికైనా ఆ రెండో సీడీ దొరికి దున్న గెలిచాడని తేలితే వీరేశం జీవితాంతం, గదిలోనైనా ఊళ్లోనైనా, భాస్కర్‌ని పటేలా అనాలి. సన్నోడు గెలిస్తే భాస్కర్ వాళ్ల నాయన ముందర వీరేశాన్ని అన్నా అని పిలవాలి. ముగ్గురూ నవ్వి చేతులు కలిపారు. వీరేశానికి లోపల కొంచెం భయం వేసింది, భాస్కర్‌కూ వేసే ఉంటుంది, వాడి చెయ్యి చెమట పట్టి ఉండటం ఇప్పటికీ గుర్తుంది.

బస్సు ఎక్కడో ఆగింది, కోళ్ల బుట్టతో ఒకామె ఎక్కింది, కండక్టర్ కోళ్లకు టికెట్ అంటున్నాడు, ఆమె కొట్లాటకు సిద్ధంగానే ఎక్కినట్టుంది. కాలువ వెనకబడింది, వరి పోయి పత్తి మొదలైంది, గాలి కూడా ఎండిన వాసన వేస్తోంది, ఈ వాసన వస్తే చాలు, ఊరు దగ్గర పడ్డట్టే ఉంటుంది. ఆ రోజు కూడా ఇలాగే పత్తి మీద ఎండ కాస్తోంది. రెండువేల ఆరు, దసరా సెలవులు. భాస్కర్ కోదాడలో ఇంజనీరింగ్, వీరేశం డిగ్రీ మధ్యలో ఆపి మంద వెంట. ముందు రోజు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి పిలిపించాడు భాస్కర్, గొంతులో ఎంత సంబరమో. "అరేయ్ వీరేశం, కోదాడ నెట్ సెంటర్ల దొరికిందిరా! పూరా సూసిన. ఇప్పుడు చెప్ప, రేపొస్తున్న, మొకం మీదనే చెప్త. నువ్వైతే నమ్మవ్!" ఆ రోజంతా గొర్రెలు ఎటు పోయాయో వీరేశం చూడలేదు. మర్నాడు పోయేసరికి వాకిట్లో నర్సిరెడ్డి పటేల్ పడక కుర్చీలో పేపర్ చదువుతున్నాడు, భాస్కర్ నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. వీరేశాన్ని చూసి వాడి మొహం వెలిగింది, నోరు తెరిచాడు, తెరిచి, ఒకసారి నాయన వైపు చూశాడు. నీళ్లు పోతూనే ఉన్నాయి. చేతులు మళ్లీ కడుక్కున్నాడు. "దున్ననే గెలిచిండు" అన్నాడు.

వీరేశానికి ఏడుపు వచ్చినంత పనైంది. సన్నోడు ఓడిపోయాడని కాదు, అదీ ఉంది, కానీ నాయన పొట్టేలు కింద పడుకుని చెప్పింది అబద్ధమయినట్టు ఉంది. మాట మాటే గనక నవ్వు మొహం పెట్టి, గట్టిగా, "అట్లనా పటేలా" అన్నాడు. భాస్కర్ ఉలిక్కిపడ్డాడు. నర్సిరెడ్డి మాత్రం పేపర్ మీంచి తల ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడం, అదీ గుచ్చుకున్నది. కొడుకును వాడి స్నేహితుడు మొదటిసారి పటేలా అన్నాడు, ఆయనకు అందులో కొత్తేమీ వినిపించలేదు, పేజీ తిప్పాడు. మొదటి వారం భాస్కర్ "ఊకోరా, వద్దురా, పందెం లేదు ఏం లేదు" అని బతిమాలాడు. వీరేశం మొండికెత్తాడు, ఓడినప్పుడు మాట తప్పితే ఓటమి కూడా దక్కదని. రెండో నెలకు భాస్కర్ బతిమాలడం మానేశాడు. రెండో ఏటికి వాడి నోట్లోంచి కూడా రా పోయింది, వీరేశం అయింది, ఏం వీరేశం, బాగున్నవా వీరేశం. భాస్కర్ కాంట్రాక్టులు, భాస్కర్ పెళ్లి, భాస్కర్ బామ్మర్ది మిల్లులో వీరేశానికి కాటా దగ్గర నౌకరి. నౌకరి ఇప్పించింది వాడే, ఆ మేలు మరచిపోయే మనిషి కాదు వీరేశం, అందుకే ఈ బస్సులో ఇంత పరేషాన్. నోరు జారితే బామ్మర్ది కాటా దగ్గర ఇంకొకణ్ని కూర్చోబెట్టడానికి పూట పట్టదు.

తనదాకా అయితే ఇంకో ఎనిమిదేళ్లు కూడా అనేవాడే. పోయిన నెల ఊళ్లో, ఆరేళ్ల గోపిక, తన బిడ్డ, భాస్కర్ కారు ఆగగానే పరుగెత్తుకుపోయి, "పటేలా, మా నాయన ఇంట్ల ఉన్నడు" అంది. ఎంత చక్కగా అంది, రోజూ వింటున్న మాటే గదా. భాస్కర్ నవ్వి చాక్లెట్ ఇచ్చాడు. ఇచ్చాక వాడి నవ్వు ఒక్క క్షణం ఎక్కడికో పోయింది, వీరేశం అది చూసి కూడా చూడనట్టు కారు డోర్ పట్టుకుని నిలబడ్డాడు. పందెంలో బిడ్డ లేదు. ఆ మాట అప్పటి నుంచీ గొంతులో చేప ముల్లులా ఉంది. నిన్న భాస్కర్ ఫోన్ చేశాడు, కొడుకు పుట్టెంట్రుకలు, దావత్‌కు పొట్టేళ్లు కావాలి. "నువ్వే రావాలె వీరేశం. నువ్వు వీపు పట్టి సూస్తెనే నాకు నమ్మకం. సూర్యాపేటకు రా, అంగడికి కలిసి పోదాం." సరే పటేలా అన్నాడు. పొద్దున బస్టాండులో ఉండగా హర్యా వీడియో పంపాడు, కోదాడలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి పదేళ్లు ఉన్నందుకు వాడి యాస కూడా కోస్తా వైపు తిరిగింది, "మన సన్నోడు దొరికాడురా! చూడు, ఆఖరు దాకా చూడు" అని గొంతు రికార్డు చేసి పంపాడు. చూశాడు. దున్న పైన, సన్నోడు కింద, పదమూడేళ్ల కింద ఆగిన చోటు వచ్చింది, అక్కడ గీతలు లేవు. కుడికాలు భుజం దాటింది. మెడ చుట్టూ పడింది. ఎడమకాలు దాని మీద పడింది. పైన కూర్చున్న దున్న అరచేత్తో నేలను కొట్టాడు, చాలు వదలమని. బస్టాండులో పల్లీలమ్మే ఆమె ఏమైంది కొడుకా అని అడిగేదాకా తన కళ్ల వెంట నీళ్లు పోతున్నాయని వీరేశానికి తెలియదు.

మరి వాడు అబద్ధం ఎందుకు చెప్పాడు. కోపం రావాలి, వచ్చింది కూడా, కాలువ దాటేదాకా ఉంది, ఇప్పుడు వెతికితే దొరకడం లేదు. నల్లా దగ్గర ఆ చూపు. నాయన వైపు ఒక్క చూపు. ఎనిమిదేళ్లు ఆ చూపును తను ఎక్కడ దాచిపెట్టాడో తెలియదు, ఇప్పుడు ఎండలో అంత స్పష్టంగా కనిపిస్తోంది, పాపం వాడు చెప్పడానికే వచ్చాడు, సంబరంగా వచ్చాడు, పేపర్ అడ్డం వచ్చింది. ఈ కాలపు ఫైటర్లను కూడా చూపించాడు హర్యా, అందరికీ అన్నీ వచ్చు, గుద్దడం వచ్చు తన్నడం వచ్చు కింద పడి లేవడం వచ్చు, చూస్తే ఏమీ అనిపించలేదు. ఆ మొదటివాళ్లే గొప్ప. ఎదుటివాడికి ఏం వచ్చో తెలియకుండా, తనకు వచ్చిన ఒక్కటే పట్టుకుని తలుపు తీసుకుని పోయారు. ఆ గదిలో తామూ అంతే గదా, ఒకడికి గొర్రెలు తెలుసు, ఒకడికి ఎడ్లూ భూములూ, ఒకడికి తండా పాటలు, ఎవరి లోపల ఏముందో తెలియకుండానే ఒక్క మంచం చుట్టూ పడుకున్నారు. ఆ గది ఎంత బాగుండేది. దిగగానే పటేలా అని నవ్వితే అన్నీ ఉన్నట్టే ఉంటాయి, నౌకరి ఉంటుంది, దావత్ ఉంటుంది, గోపిక కూడా పటేలా అంటూనే పెద్దదవుతుంది. సూర్యాపేట అని కండక్టర్ అరిచాడు, కోళ్లామె ముందు దిగింది, ఏమీ తేలలేదు.

భాస్కర్ బస్టాండు బయట తెల్ల కారు పక్కన ఉన్నాడు. పక్కన ఇద్దరు పార్టీ కండువాల మనుషులు, వాడు ఏది చెప్పినా అంతేనన్నా, అంతేనన్నా అంటున్నారు. కారు ముందు సీట్లో, అద్దం దించుకుని, నర్సిరెడ్డి పటేల్ పేపర్ చదువుతున్నాడు, చేతులు వణుకుతున్నాయి గాని పేపర్ మాత్రం అదే. వీరేశం కాళ్లు ఆగిపోయాయి. పెద్దాయన వస్తాడని అనుకోలేదు.

"ఏం వీరేశం, ఒక్కనివే వచ్చినవా?" అన్నాడు భాస్కర్.

దారి పొడుగునా అనుకున్నవన్నీ పోయాయి. నాయన గొంతు ఒక్కటే ఉంది, కింద నుంచి, నవ్వుతూ.

"సన్నోడే గెలిచిండురా భాస్కర్" అన్నాడు వీరేశం.

కండువాలు రెండూ బిత్తరపోయి చూశాయి. భాస్కర్ మెల్లగా మొహం తిప్పి కారు ముందు సీటు వైపు చూశాడు. అదే చూపు. ఎనిమిదేళ్ల కింద నల్లా దగ్గర చూసిన అదే చూపు, ఇక అయిపోయిందనుకున్నాడు వీరేశం, సంచి భుజం మార్చుకున్నాడు, తిరుగు బస్సు ఎన్ని గంటలకో కూడా ఆలోచించాడు.

"నాకెరుకే అన్నా" అన్నాడు భాస్కర్.

మెల్లగా అన్నాడు. కండువాల్లో ఒకడికి అర్థం కాలేదు. "ఎవలు గెలిచిండ్రన్నా? ఏడ ఎలచ్చన్లు?"

భాస్కర్ తడిసిన కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు. గొంతు పెంచాడు, కారు లోపలికి వినపడేలా పెంచాడు. "మా వీరేశమన్న గెలిచిండు. ఎప్పుడో గెలిచిండు, నేనే చెప్పలే."

ముందు సీట్లో నర్సిరెడ్డి పటేల్ పేపర్ మీంచి తల ఎత్తి చూశాడు.